సీరియం ఇంటర్‌మెటాలిక్స్‌లో అయస్కాంత క్రమం ఎంత, కోండో ప్రభావం ఎంత: శాంపిల్ తయారీ నుంచి పీడన ప్రయోగం దాకా

సీరియం ఉన్న కొత్త ఇంటర్‌మెటాలిక్ (లోహాలు నిర్ణీత నిష్పత్తిలో కలిసిన సమ్మేళనం) తయారు చేసి, చల్లబరిచే కొద్దీ నిరోధకత పెరగడం చూడగానే "కోండో" అని రాసేస్తుంటారు. ససెప్టిబిలిటీలో (క్షేత్రానికి పదార్థం ఎంత అయస్కాంతీకరణ చూపుతుందో చెప్పే కొలత) ఒక శిఖరం కనిపిస్తే "యాంటీఫెర్రోమాగ్నెట్" (ఇరుగుపొరుగు స్పిన్లు ఎదురెదురుగా నిలిచేది) అంటారు. రెండూ నిజమే కావచ్చు. అయితే సీరియం దగ్గర అడగాల్సిన ప్రశ్న "ఇదా, అదా" కాదు. ఒకే ఒక్క 4ఎఫ్ ఎలక్ట్రాన్ కోసం రెండూ పోటీ పడుతుంటాయి కాబట్టి ఎవరి వాటా ఎంతో తేల్చాలి. ఒక్క కొలతతో అది తేలదు. కొలతలను ఏ వరుసలో చేయాలో, ఒక్కోదాని నుంచి ఎంతవరకు నమ్మొచ్చో, ఎక్కడ పొరబడే అవకాశం ఉందో ఇక్కడ రాస్తున్నాను. పీహెచ్‌డీ మొదటి, రెండో ఏడాదిలో ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకున్నాను. ఉదాహరణకు చాలాచోట్ల సీరియం-రోడియం-ఇండియం-5నే (CeRhIn5) తీసుకున్నాను. క్రమం, కోండో రెండూ కలిసి ఉన్న పదార్థం అది, పైగా స్ఫటికాలు సులువుగా పెరుగుతాయి.

ముందు పోటీ ఏమిటో అర్థం చేసుకోండి

మూడు ధనావేశాల సీరియం అయాన్‌లో ఒకే ఎఫ్ ఎలక్ట్రాన్ ఉంటుంది. దాని మొత్తం కోణీయ ద్రవ్యవేగం 5/2. తర్వాతి స్థాయి 7/2 సుమారు 3000 కెల్విన్ల పైన ఉంటుంది, కాబట్టి మన కొలతల్లో దాని ఊసు రాదు. 5/2కి చెందిన ఆరు స్థితులను చుట్టూ ఉన్న అయాన్ల స్ఫటిక క్షేత్రం విడగొడుతుంది. టెట్రాగోనల్, హెక్సాగోనల్, ఆర్థోరాంబిక్ స్ఫటికాల్లో మూడు డబ్లెట్లు (ఒకే శక్తి ఉన్న రెండేసి స్థితులు) వస్తాయి. క్యూబిక్‌లో ఒక డబ్లెట్, ఒక క్వార్టెట్ (నాలుగు స్థితులు). బాగా చల్లబరిస్తే అట్టడుగు డబ్లెట్ ఒక్కటే మిగులుతుంది. ఇకపై జరిగే కథంతా దానిదే.

ఆ డబ్లెట్ స్పిన్‌ను పట్టుకోవడానికి రెండు శక్తులు చూస్తుంటాయి. పక్కపక్క సీరియం అయాన్ల స్పిన్లు వాహక ఎలక్ట్రాన్ల ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే అది ఆర్‌కేకేవై: రుడర్‌మన్, కిట్టెల్, కసుయా, యోసిదా పేర్ల మీద వచ్చింది. అది గెలిస్తే అయస్కాంత క్రమం, అంటే స్పిన్లన్నీ ఒక పద్ధతిలో నిలుస్తాయి. రెండోది కోండో. చల్లబరిచే కొద్దీ తగ్గాల్సిన బంగారపు తీగల నిరోధకత ఒక ఉష్ణోగ్రత తర్వాత మళ్లీ పెరగడాన్ని 1934లోనే గమనించారు. కారణం 1964లో జున్ కోండో చెప్పారు: అందులోని అయస్కాంత మలినాల దగ్గర వాహక ఎలక్ట్రాన్ తన స్పిన్‌ను తిప్పుకుంటూ చెదిరిపోతుంది, ఉష్ణోగ్రత తగ్గే కొద్దీ ఆ చెదరడం లాగరిథమ్ రీతిలో పెరుగుతుంది. ఇంకా చల్లబరిస్తే వాహక ఎలక్ట్రాన్లు ఆ స్పిన్‌ను కప్పేసి సింగ్లెట్‌గా (మొత్తం స్పిన్ సున్నా అయిన స్థితి) మారుస్తాయి. అప్పుడు అయస్కాంత భ్రామకం బయటికి కనిపించదు.

రెండింటికీ మూలం ఒకటే: ఎఫ్ ఎలక్ట్రాన్‌కూ వాహక ఎలక్ట్రాన్లకూ మధ్య ఉన్న ఎక్స్‌ఛేంజ్, అంటే వాటి స్పిన్ల మధ్య బంధం. ఆర్‌కేకేవై దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కోండో ఉష్ణోగ్రత ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. అంటే ఎక్స్‌ఛేంజ్ బలహీనంగా ఉన్నంతసేపు క్రమానిదే పైచేయి, బలపడితే కోండోది. అడ్డంగా ఎక్స్‌ఛేంజ్ బలం, నిలువుగా ఉష్ణోగ్రత పెట్టి 1977లో డోనియాక్ గీసిన చిత్రం సారాంశం ఇదే: క్రమ ఉష్ణోగ్రత మొదట పెరిగి, శిఖరం దాటాక తగ్గుతుంది. మీ శాంపిల్ ఆ చిత్రంలో ఎక్కడ ఉందో కనుక్కోవడమే మన పని.

నాలుగు సంఖ్యలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. ప్రభావక భ్రామకం 2.54 బోర్ మాగ్నెటాన్లు. సంతృప్త భ్రామకం గరిష్ఠంగా 2.14. ఒక డబ్లెట్ ఎంట్రోపీ ఆర్ ఎల్ఎన్ 2 (ఆర్ అంటే వాయు స్థిరాంకం), అంటే మోల్‌కు, కెల్విన్‌కు 5.76 జౌల్స్. కోండో లేని డబ్లెట్ క్రమంలోకి వెళ్లేటప్పుడు మీన్-ఫీల్డ్ లెక్క ప్రకారం విశిష్టోష్ణంలో రావాల్సిన దూకుడు 1.5 ఆర్, సుమారు 12.5 జౌల్స్.

1. శాంపిల్‌తోపాటు లాంథనం జోడీ

ఒక్క సీరియం శాంపిల్ చేసి ఊరుకోకండి. అదే నిర్మాణంలో, సీరియం స్థానంలో లాంథనం పెట్టి రెండోది చేయండి. లాంథనానికి ఎఫ్ ఎలక్ట్రాన్ లేదు, పరమాణు భారంలో తేడా ఒక శాతంలోపే. లాటిస్ కంపనాల వాటా తీసేయడానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు. ఈ రెండో శాంపిల్ లేకుండా ముందుకెళ్లిన విశ్లేషణ ఏదీ నాకు నమ్మకం కలిగించదు.

ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకల్లో ఉన్న మోనజైట్‌లో ఎక్కువ పాళ్లలో ఉండే రేర్ ఎర్త్ సీరియమే. కానీ మామూలు వాణిజ్య స్థాయి సీరియం ఈ పనికి పనికిరాదు. కనీసం 99.9 శాతం శుద్ధత ఉన్నది కొనండి, అందులో ఇనుము ఎంత ఉందో సర్టిఫికెట్‌లో చూడండి. లోహాన్ని ఆర్గాన్ గ్లోవ్‌బాక్స్‌లోనే ఉంచాలి. గాలి తగిలితే వెండిలా మెరిసే కొత్త ముక్క కాసేపటికే మసకబారుతుంది. పై పొరను ఆకురాయితో గీకేశాకే తూయండి. గీకిన పొడి జాగ్రత్త: లైటర్ రాయిలో నిప్పురవ్వలు వచ్చేది సీరియం వల్లే, ఈ పొడి కూడా అలాగే అంటుకుంటుంది.

పాలీక్రిస్టల్ కావాలంటే ఆర్క్ మెల్టింగ్. నీళ్లతో చల్లబడే రాగి పళ్లెం, ఆర్గాన్, ముందుగా టైటానియం ముక్కను కరిగించి మిగిలిన ఆక్సిజన్ పీల్చేయించడం, గుండీని తిరగేస్తూ నాలుగైదుసార్లు కరిగించడం. చివర తూచినప్పుడు నష్టం అర శాతం లోపు ఉండాలి. తర్వాత టాంటలం రేకులో చుట్టి, వాక్యూమ్ చేసిన క్వార్ట్జ్ గొట్టంలో సీల్ చేసి, 800-900 డిగ్రీల సెల్సియస్ దగ్గర వారం రోజులు ఎనీల్ చేయండి. ఇండియంకు మరుగు ఉష్ణోగ్రత ఎక్కువే కాబట్టి పెద్ద బెంగ లేదు. ఆంటిమొనీ లాంటివి ఉంటే మాత్రం ఆర్క్‌లో ఆవిరైపోతాయి.

సీరియం-రోడియం-ఇండియం-5కి ఫ్లక్స్ పద్ధతే (కరిగిన లోహంలోంచి స్ఫటికాలు పెంచడం) మేలు. సీరియం 1, రోడియం 1, ఇండియం 20 నిష్పత్తిలో అల్యూమినా క్రూసిబుల్‌లో వేసి, క్వార్ట్జ్‌లో సీల్ చేసి, 1100 డిగ్రీల దాకా వేడి చేసి, గంటకు కొద్ది డిగ్రీల చొప్పున నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఇండియం ఇంకా ద్రవంగా ఉండగానే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వడకట్టాలి. స్ఫటికాలకు అంటుకున్న ఇండియంను పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగొచ్చు. ఈ కడగడం దగ్గర బద్ధకం వద్దు, కారణం నాలుగో దశలో తెలుస్తుంది.

2. ఎక్స్-రే చూశాకే చల్లబరచండి

పౌడర్ ఎక్స్-రేలో పరాయి గీతలు ఏమీ లేకపోయినా రెండు మూడు శాతం మలినం దాక్కుని ఉండొచ్చు. అందుకే ఏ మలినం ఏ ఉష్ణోగ్రత దగ్గర తన ముఖం చూపిస్తుందో ముందే పట్టిక వేసుకోండి. సీరియం ఆక్సైడ్‌లో మూడు వేలెన్సీది సుమారు 6 కెల్విన్ల దగ్గర క్రమంలోకి వెళుతుంది. సీరియం-ఇండియం-3 అయితే 10 కెల్విన్ల దగ్గర. మీ కర్వ్‌లో సరిగ్గా ఆ చోట చిన్న గుబురు వస్తే అది కొత్త ఫేజ్ ట్రాన్సిషన్ అని సంబరపడకండి.

3. ససెప్టిబిలిటీ

300 కెల్విన్ల నుంచి కిందికి, కనీసం రెండు క్షేత్రాల్లో కొలవండి. రెండు కర్వ్‌లు పై ఉష్ణోగ్రతల్లోనే విడిపోతే లోపల ఇనుము లాంటి ఫెర్రోమాగ్నెటిక్ మలినం ఉన్నట్టు. అప్పుడు భ్రామకం/క్షేత్రాన్ని 1/క్షేత్రంతో గీసి, అనంత క్షేత్రానికి పొడిగించి సరిదిద్దుకోవాలి.

సుమారు 150 కెల్విన్ల పైన క్యూరీ-వైస్ ఫిట్ చేయండి: 1/ససెప్టిబిలిటీని ఉష్ణోగ్రతతో గీసి సరళరేఖ అమర్చడం; వాలు నుంచి ప్రభావక భ్రామకం, రేఖ ఉష్ణోగ్రత అక్షాన్ని తాకే చోటు నుంచి వైస్ ఉష్ణోగ్రత వస్తాయి. ప్రభావక భ్రామకం 2.54కి దగ్గరగా వస్తే సీరియం మూడు వేలెన్సీలో స్థిరంగా ఉన్నట్టు. బాగా తగ్గిపోయి, 100 కెల్విన్ల పైన ఎక్కడో వెడల్పాటి గుబురు వస్తే అది సీరియం-టిన్-3, సీరియం-పలాడియం-3ల కోవకు చెందిన మధ్యస్థ వేలెన్సీ పదార్థం. అక్కడ క్రమం కోసం వెతకడం వృథా. అనుమానం ఉంటే ఎక్స్-రే అబ్జార్ప్షన్ చేయించండి. ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో అందుకు తగిన బీమ్‌లైన్లు ఉన్నాయి.

వైస్ ఉష్ణోగ్రత ఋణాత్మకంగా వస్తుంది. దాన్ని నాలుగుతో భాగించి "కోండో ఉష్ణోగ్రత" అనడం పేపర్లలో అలవాటు. ఒకే స్ఫటికం మీద రెండు దిశల్లో కొలిచి చూడండి: రెండు దిశలకూ రెండు వేరే విలువలు వస్తాయి. ఆ తేడా స్ఫటిక క్షేత్రం పని. అది కోండో లెక్కలో కలిసిపోతే వచ్చిన సంఖ్యకు అర్థం ఉండదు. ఈ అంచనాను పెన్సిల్‌తో రాసుకునే సంఖ్యగానే చూడండి.

నీల్ ఉష్ణోగ్రతను (యాంటీఫెర్రోమాగ్నెటిక్ క్రమం మొదలయ్యే ఉష్ణోగ్రత) ససెప్టిబిలిటీ శిఖరం దగ్గర గుర్తు పెట్టొద్దు. సీరియం-రోడియం-ఇండియం-5లో సీ-అక్షం దిశలో గుండ్రటి శిఖరం 7 కెల్విన్ల పైన వస్తుంది, అసలు క్రమం మొదలయ్యేది 3.8 కెల్విన్ల దగ్గర. ససెప్టిబిలిటీని ఉష్ణోగ్రతతో గుణించి, దాని డెరివేటివ్ గీయండి. ట్రాన్సిషన్ ఉన్న చోట అందులో పదునైన మార్పు కనిపిస్తుంది.

4. నిరోధకత

ముందు లాంథనం శాంపిల్ నిరోధకతను తీసివేసి అయస్కాంత వాటాను విడిగా గీయండి, ఉష్ణోగ్రత అక్షం లాగ్‌లో ఉండాలి. కోండో ఉంటే ఆ వాటా చల్లబరిచే కొద్దీ సరళరేఖలా పెరుగుతుంది. తరచుగా రెండు సరళరేఖలు వస్తాయి: పైన ఆరు స్థితులూ పాల్గొంటున్నప్పటిది ఒకటి, కింద డబ్లెట్ ఒక్కటే మిగిలినప్పటిది ఇంకొకటి. రెండింటి మధ్య గుబురు స్ఫటిక క్షేత్రపు వ్యవధిని సూచిస్తుంది. దీన్ని 1972లో కోర్నూ, కోక్‌బ్లాన్ లెక్కగట్టి చూపారు.

ప్రతి సైట్‌లోనూ సీరియం ఉన్న లాటిస్‌లో పెరుగుదల అలా సాగిపోదు. సీరియం-కాపర్-6లో 10 కెల్విన్ల ప్రాంతంలో గరిష్ఠానికి చేరి అక్కడి నుంచి జారిపోతుంది. విడివిడిగా చెదరగొట్టిన సైట్లు అన్నీ ఒక్క తాళంలో చెదరగొట్టడం మొదలుపెట్టడమే కారణం, దీన్ని కోహెరెన్స్ అంటారు. ఈ పతనాన్ని క్రమం వల్ల వచ్చే పతనంతో కలగలపకండి. క్రమం దగ్గర మలుపు పదునుగా ఉంటుంది, డెరివేటివ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. కోహెరెన్స్ మలుపు వెడల్పుగా, నిదానంగా ఉంటుంది.

నిరోధకతలో కనిష్ఠం కనిపించినంత మాత్రాన కోండో కాదు. పాలీక్రిస్టల్‌లోని సూక్ష్మ పగుళ్లు, పరమాణువులు చోట్లు మారడం వల్ల వచ్చే అక్రమత, యాంటీఫెర్రోమాగ్నెటిజం వల్ల ఫెర్మీ తలంలో పడే గ్యాప్ కూడా అలాంటి కనిష్ఠాన్ని ఇవ్వగలవు.

ఇప్పుడు ఇండియం సంగతి. శుద్ధ ఇండియం 3.4 కెల్విన్ల దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుంది. మన పదార్థం నీల్ ఉష్ణోగ్రత 3.8. స్ఫటికం మీద సన్నని ఇండియం పొర మిగిలితే నిరోధకత 3.4 దగ్గర హఠాత్తుగా పడిపోతుంది, ససెప్టిబిలిటీలో డయామాగ్నెటిక్ సిగ్నల్ వస్తుంది, రెండు ఉష్ణోగ్రతలూ పక్కపక్కనే ఉండటంతో ఏది ఏదో తెలియదు. తేల్చుకోవడం తేలిక: 0.1 టెస్లా క్షేత్రం పెట్టండి. ఇండియం క్రిటికల్ క్షేత్రం (సూపర్‌కండక్టివిటీని చంపేసే క్షేత్రం) పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర కూడా 0.03 టెస్లా లోపే, కాబట్టి దాని సిగ్నల్ మాయమవుతుంది. నీల్ ఉష్ణోగ్రత అంత చిన్న క్షేత్రానికి కదలదు.

5. విశిష్టోష్ణం, ఎంట్రోపీ జమాఖర్చు

మిగతా కొలతలు సూచనలు ఇస్తాయి. తీర్పు వచ్చేది ఇక్కడే. అట్టడుగు డబ్లెట్ దగ్గర ఖర్చు పెట్టడానికి సరిగ్గా 5.76 జౌల్స్ ఉన్నాయి. అందులో క్రమం ఎంత తీసుకుంది, కోండో ఎంత తీసుకుంది అన్నది ఖాతా పుస్తకంలా రాసుకోవాలి. ఎక్కువ రాకూడదు, తక్కువ మిగలకూడదు.

రిలాక్సేషన్ కెలోరిమీటర్ వాడితే ముందు గ్రీజుతో సహా ఖాళీ వేదికను కొలవండి, అదే మోతాదు గ్రీజు మీద శాంపిల్ పెట్టండి. 1.8 కెల్విన్లతో ఆపితే నీల్ ఉష్ణోగ్రత 4 లోపు ఉన్న పదార్థానికి సగం కథ పోయినట్టే. వీలైతే హీలియం-3తో 0.4 దాకా వెళ్లండి. విశ్వవిద్యాలయాల్లో సౌకర్యం లేకపోతే యూజీసీ-డీఏఈ సీఎస్ఆర్ ఇందోర్ కేంద్రానికి ప్రతిపాదన పంపుకోవచ్చు, ఇలాంటి కొలతల కోసమే ఆ సంస్థ ఉంది.

లాంథనం శాంపిల్ విశిష్టోష్ణం తీసివేయండి. మిగిలినదాన్ని ఉష్ణోగ్రతతో భాగించి, సున్నా నుంచి పైకి ఇంటిగ్రేట్ చేస్తే అయస్కాంత ఎంట్రోపీ వస్తుంది. ఇక్కడ ఒక చెత్త చేరకుండా చూసుకోవాలి: రెండో డబ్లెట్ ఇచ్చే షాట్కీ వాటా (వేడెక్కే కొద్దీ పై స్థాయి నిండటం వల్ల విశిష్టోష్ణంలో వచ్చే గుబురు). సీరియం-రోడియం-ఇండియం-5లో న్యూట్రాన్ స్పెక్ట్రోస్కోపీ రెండో డబ్లెట్‌ను సుమారు 7 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, అంటే 80 కెల్విన్ల దగ్గర చూపింది, మూడోది సుమారు 24 దగ్గర. రెండు డబ్లెట్ల మధ్య షాట్కీ శిఖరం వ్యవధిలో 0.417 వంతు దగ్గర, 3.65 జౌల్స్ ఎత్తున వస్తుంది. మన పదార్థానికి అది 33 కెల్విన్ల ప్రాంతం. 10 కెల్విన్ల దగ్గర ఆ ఎంట్రోపీ పట్టించుకోనవసరం లేనంత చిన్నది. 20 దగ్గర మాత్రం అప్పటికే 0.75 జౌల్స్ ఉంటుంది, డబ్లెట్ మొత్తంలో ఎనిమిదో వంతు. అది తీయకుండా "20 కెల్విన్లకల్లా పూర్తి ఆర్ ఎల్ఎన్ 2 వచ్చింది" అంటే లెక్క తప్పినట్టే.

ఇక చదవడం. నీల్ ఉష్ణోగ్రత దగ్గరికే 5.76 దాదాపు మొత్తం వచ్చేసి, దూకుడు 12.5కి చేరువగా ఉంటే కోండో లేదనే చెప్పొచ్చు. సీరియం-రోడియం-ఇండియం-5లో నీల్ ఉష్ణోగ్రత దాకా వచ్చేది సుమారు 30 శాతమే, 1.7 జౌల్స్. మిగిలిన 70 శాతం ఆ పైన ఖర్చయింది. ఎంట్రోపీ సగానికి చేరే ఉష్ణోగ్రతను రెట్టింపు చేసి కోండో ఉష్ణోగ్రతగా తీసుకోవడం ఆచారం. ససెప్టిబిలిటీ నుంచి వచ్చే పెన్సిల్ సంఖ్య కంటే ఇది నయం.

అయినా ఆ 70 శాతం అంతా కోండో ఖాతాలో వేయకండి. పొరలు పొరలుగా ఉన్న ఈ నిర్మాణంలో క్రమం రాకముందే ఒక పొరలోని స్పిన్లు ఇరుగుపొరుగుతో సర్దుకోవడం మొదలుపెడతాయి, దానికీ ఎంట్రోపీ ఖర్చవుతుంది. ఎంత అనేది చూడాలంటే కోండో లేని గడోలినియం జోడీలో నీల్ ఉష్ణోగ్రత పైన తోక ఎంత పొడవుందో కొలవండి. ఈ పని చేసేవాళ్లు తక్కువ. చేయడం మాత్రం అవసరం.

చివరగా గామా, అంటే ఎలక్ట్రాన్ల విశిష్టోష్ణాన్ని ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చే గుణకం. నీల్ ఉష్ణోగ్రత పైనున్న భాగం నుంచి పొడిగిస్తే ఈ పదార్థానికి మోల్‌కు సుమారు 400 మిల్లీజౌల్స్/కెల్విన్² వస్తుంది. మామూలు లోహాల్లో ఇది కొద్ది మిల్లీజౌల్స్. 1975లో ఆండ్రెస్, గ్రేబ్నర్, ఓట్ సీరియం-అల్యూమినియం-3లో 1620 కనుగొన్నారు, భారీ ఫెర్మియాన్ల (ఎంతో బరువున్నట్టు ప్రవర్తించే ఎలక్ట్రాన్లు ఉన్న పదార్థాలు) అధ్యయనం అక్కడే మొదలైంది.

6. డి జెన్నీ పరీక్ష

ఐదు నిమిషాల పని. కోండో, స్ఫటిక క్షేత్రం ఏవీ లేకపోతే ఒకే కుటుంబంలో క్రమ ఉష్ణోగ్రతలు డి జెన్నీ గుణకానికి (ఒక్కో రేర్ ఎర్త్ అయాన్ స్పిన్ బలాన్ని బట్టి వచ్చే సంఖ్య) అనులోమంగా ఉండాలి. గడోలినియంకు అది 15.75, సీరియంకు 0.18. గడోలినియం-రోడియం-ఇండియం-5 నీల్ ఉష్ణోగ్రత సుమారు 39 కెల్విన్లు, కాబట్టి సీరియం జోడీకి 0.45 రావాలి. వచ్చింది 3.8. ఎనిమిది రెట్లు ఎక్కువ! ఎఫ్ ఎలక్ట్రాన్ వాహక ఎలక్ట్రాన్లతో బలంగా కలిసిపోతోందనడానికి ఇది గట్టి గుర్తు, స్ఫటిక క్షేత్రం కొంత తోడై ఉండొచ్చు. సీరియం-రోడియం-3-బోరాన్-2లో ఇది పరాకాష్ఠ: 115 కెల్విన్ల ఫెర్రోమాగ్నెట్.

7. సీరియంను పలచన చేయడం

సీరియం స్థానంలో లాంథనం పెంచుకుంటూ పోండి. ఆర్‌కేకేవై దూరం మీద ఆధారపడుతుంది కాబట్టి క్రమం కూలుతుంది. కోండో ఒక్కో అయాన్ సొంత వ్యవహారం కాబట్టి మిగులుతుంది. మన పదార్థంలో సుమారు 40 శాతం లాంథనం దగ్గర క్రమం పోతుంది. రెండు డైమెన్షన్ల చదరపు లాటిస్‌లో పెర్కొలేషన్ హద్దు (అంతకు మించి సైట్లు ఖాళీ అయితే గొలుసు తెగిపోయే చోటు) కూడా దాదాపు అదే, పొరల మాట ఇక్కడా నిజమైంది. లాంథనం పెద్దది కాబట్టి లాటిస్ వ్యాకోచించి కోండో ఉష్ణోగ్రత కొంత తగ్గుతుందని గుర్తుంచుకోండి.

8. న్యూట్రాన్లు

క్రమం ఎలాంటిదో చెప్పగలిగేది ఇవే. సీరియం-రోడియం-ఇండియం-5లో అయస్కాంత శిఖరాలు (1/2, 1/2, 0.297) దగ్గర వచ్చాయి: పొరలో ఇరుగుపొరుగు స్పిన్లు ఎదురెదురు, ఒక పొర నుంచి పై పొరకు సుమారు 107 డిగ్రీలు తిరుగుతూ సర్పిలం. ఇండియం, రోడియం రెండూ న్యూట్రాన్లను బాగా మింగేస్తాయి, అందుకని లావు స్ఫటికం పెడితే సిగ్నల్ బయటికి రాదు. పలచని పలక కోయండి. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌కు ప్రతిపాదన రాసేటప్పుడే ఈ శోషణ లెక్క అందులో చూపించండి.

వచ్చిన భ్రామకాన్ని 2.14తో కాకుండా మీ స్ఫటిక క్షేత్రపు అట్టడుగు డబ్లెట్ ఇవ్వగలిగిన విలువతో పోల్చండి. అంతకంటే తక్కువగా ఉంటేనే కోండో కొంత కప్పేసిందని అనాలి.

9. పీడనం

ఎఫ్ ఎలక్ట్రాన్ లేని సీరియం అయాన్ చిన్నది. నొక్కితే పదార్థం ఆ వైపు మొగ్గుతుంది, అంటే డోనియాక్ చిత్రంలో కుడికి జరుగుతుంది. శుద్ధ సీరియంనే గది ఉష్ణోగ్రతలో 0.8 గిగాపాస్కల్ లోపు నొక్కితే ఘనపరిమాణం సుమారు 15 శాతం కూలిపోతుంది. పీడనంతో నీల్ ఉష్ణోగ్రత పెరిగితే మీరు చిత్రంలో ఎడమ వాలున ఉన్నారు, తగ్గితే కుడి వాలున. సీరియం-రోడియం-ఇండియం-5లో అది మొదట కాస్త పెరిగి ఆపైన తగ్గుతుంది, అంటే శిఖరానికి దగ్గరలోనే మొదలవుతుంది. 1.6 గిగాపాస్కల్ ప్రాంతంలో 2.1 కెల్విన్ల సూపర్‌కండక్టివిటీ వస్తుంది, 2000లో ప్రకటించారు. సీరియం-పలాడియం-2-సిలికాన్-2 అయితే 10 కెల్విన్ల క్రమాన్ని సుమారు 2.8 గిగాపాస్కల్ దగ్గర పోగొట్టుకుని 0.4 కెల్విన్ల సూపర్‌కండక్టర్ అవుతుంది.

పిస్టన్-సిలిండర్ సెల్ 2.5 గిగాపాస్కల్ దాకా సరిపోతుంది. సెల్ చల్లబడేటప్పుడు పీడనం కొంత పడిపోతుంది కాబట్టి గది ఉష్ణోగ్రత రీడింగ్‌ను నమ్మకుండా, లోపలే ఒక సీసం ముక్క పెట్టి దాని సూపర్‌కండక్టింగ్ ఉష్ణోగ్రత 7.2 కెల్విన్ల నుంచి ఎంత జారిందో చూసి పీడనం లెక్కగట్టండి. ఈ పనికి కొందరు ఇండియం కూడా వాడతారు. మీ స్ఫటికం ఇండియం ఫ్లక్స్‌లో పెరిగిందైతే మాత్రం సీసమే పెట్టుకోండి.